మట్టికప్పు, గోనెగుడ్డ

ఇరవై ఏళ్లకు పైగా ఒక్క మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. అబద్ధపు మాట. దాని సంగతి ఇప్పుడు మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఖిదిర్‌పూర్ ఓడరేవులో నేను క్రేనుకు సరుకు తగిలించేవాణ్ణి. శ్రీకాకుళం నుంచి తెచ్చి నన్నా పనిలో పెట్టింది మావయ్య, మా అమ్మ తమ్ముడు. ఆయన నేర్పిన అలవాటు చాలా చిన్నది. టీ తాగిన మట్టికప్పు పారేయగానే గోనెగుడ్డ తీసి, సరుకు కట్టే ఇనపతాడు పొడవునా ఒకసారి లాగాలి. తెగిన పోగుంటే గుడ్డను పట్టేసుకుంటుంది. లేకపోతే, చూశామన్న గుర్తుగా తాడు మీద సుద్దతో గీత గియ్యాలి. నెల తిరిగేసరికి నా చెయ్యి నన్నడక్కుండానే ఆ పని చేసేది.

ఒకరోజు గేటు దగ్గర యూనియన్ మీటింగు. అందరూ బయల్దేరుతున్నారు. గుడ్డ లాగలేదు, గీత మాత్రం గీశాను. ఏమీ జరగలేదు. ఆ ఏమీ జరగకపోవడమే నన్ను చెడగొట్టింది. మర్నాడూ గీతే. పని ఎగ్గొట్టడం కూడా అంతే చిన్నగా మొదలై, అంతే గట్టిగా చేతికి పట్టుకుంటుందని నాకు తెలియదా? తెలుసు. ఒక్కోసారి బరువు పైకి లేస్తుంటే తాడు సన్నగా కిర్రుమనేది. విననట్టు టీ కొట్టువైపు చూసేవాణ్ణి.

తాడు తెగిన రోజు కింద ఉన్నది మావయ్యే.

కుడికాలు మోకాలి దగ్గర తీసేశారు. ఆసుపత్రిలో తెలివొచ్చాక అడిగాడు.

"ఏట్రా, గుడ్డ లాగేవా?"

"లాగేను మావయ్యా."

చాలాసేపు నా మొహంలోకి చూశాడు. "అయితే తప్పు నాదేరా. బరువు కింద నిలబడిపోనాను."

విచారణకు వచ్చిన ఆఫీసరు బాబుకీ అదే చెప్పాడు. నా సుద్దగీత సాక్ష్యమైంది. రేవులో అందరికంటే జాగ్రత్తపరుడి పేరు పక్కన 'అజాగ్రత్త' అని రాశారు. తర్వాత ఊరెళ్లిపోయాడు. చనిపోయేదాకా, అడిగిన ప్రతివాడికీ తన తప్పేనని చెప్పుకున్నాడట.

నన్ను నమ్మాడా? లేక అంతా తెలిసే కాపాడాడా? ఏదైతే నాకు తక్కువ నరకమో ఇప్పటికీ తేల్చుకోలేను.

రేవు మానేసి చాలాకాలమైంది. అయినా మట్టికప్పు పారేయగానే చెయ్యి జేబులోకి పోతుంది. గుడ్డ కోసం కాదు, సుద్ద కోసం. ఇవాళా పోయింది. అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను.

గుడ్డ లాగలేదు మావయ్యా.

రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అంతే.