కార్విన్ చెవులు

ముందు మంచుముక్కల గలగల వినిపిస్తుంది. ఆ తరవాతే పెద్ద ప్లాస్టిక్ గ్లాసుతో కార్విన్ మైదానం అంచున కనిపిస్తాడు. డ్రమ్ములు, బూరలతో కవాతు చేసే ఈ దళం పోటీల్లో ప్రదర్శించే కథ అల్లేది అతనే. గొడుగు నీడ అతనిది, ఇండియానా ఎండ పిల్లలది. పోటీ అయిన ప్రతిసారీ జడ్జీలు రికార్డు చేసి పంపిన మాటలు చెవుల్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని భక్తుడిలా తలూపుతాడు. సొంత చెవులు ఎన్నడో అరిగిపోయాయి.

ఈ ఏటి కథ, సముద్రం మింగేసిన భర్త కోసం దీపస్తంభం మీద ఎదురుచూసే ఇల్లాలిది. దీపం ఆరేచోట జోసీ ఒక్కతే ట్రంపెట్ ఊదేది. ఆమెకిదే చివరి వేసవి; వచ్చే ఏడు దళంలో ఉండే వయసు దాటిపోతుంది. "ఆ ఇల్లాలి బాధ అర్థం కాలేదు" అన్నాడొక జడ్జి. అంతే, కార్విన్ ఆ పాట కోసేసి, "నేను ఒంటరిదాన్ని" అనే గొంతును స్పీకర్లలో పెట్టించాడు.

"రేపు నా డ్రమ్ము కూడా లాక్కుని, స్పీకర్లో 'ఢాం' అని చెప్పిస్తాడు చూడు," అన్నాడు దళంలో డ్రమ్ము వాయించే టేట్, జోసీతో.

ఆ సాయంత్రం పోటీలో మార్కులు పెరిగాయి. ఆ గొంతు వస్తుండగానే జనం పాప్‌కార్న్ కోసం లేచారు. జోసీ ట్రంపెట్ చంకన పెట్టుకుని కార్విన్ దగ్గరికెళ్లింది.

"నా పాటప్పుడు ఒక్కరూ కదిలేవాళ్లు కాదు, సార్."

కార్విన్ గ్లాసు కుదిపి, అడుగున మిగిలిన మంచు కరకర నమిలాడు.

"వాళ్లు టికెట్ కొంటారమ్మా, మార్కులు వేయరు."