నాపరాళ్ల వరసలో అల్లిన శాలువా

ఒకరి కోసం అల్లిన శాలువాను తీసి మరొకరి భుజాల మీద కప్పారు. అది తమది కాదని కప్పినవారికి తెలుసు. ఐదేళ్లు గడిచాయి. అల్లిన మనిషికి ఇంతవరకు ఎవరూ సంజాయిషీ చెప్పలేదు. పైగా ఈ ఏడు అచ్చువేసిన వార్షికోత్సవ సంచికలో ఆనాటి ఫోటో కింద “పఠన మందిరం సమర్పించిన శాలువాతో విశిష్ట అతిథి” అని రాశారు.

అది అబద్ధం. ఆ శాలువాను పఠన మందిరం సమర్పించలేదు. దాన్ని అల్లింది లింగమ్మ. తన అన్న పెదకోటయ్య కోసం అల్లింది.

ఆ సభ ఆహ్వాన పత్రం నా దగ్గర ఉంది. ఫోటోగ్రాఫరు ఖాసిం తీసిన ఫోటో ప్రతి ఉంది. కార్యవర్గానికి నేను పెట్టుకున్న విజ్ఞాపనల నకళ్లన్నీ ఉన్నాయి. కోర్టు గుమాస్తాగా బతుకు గడిపినవాడికి కాగితం పారేయడం చేతకాదు. అయితే ఆ కాగితాలన్నీ తిరగేసినా లింగమ్మ ఎటువంటి మనిషో ఎక్కడా కనిపించదు. అందుకని ఇది రాయవలసి వచ్చింది.

గురజాల నుంచి మాచర్ల వెళ్లే దారిలో ఉన్న మా ఊళ్లో పలుగు వేస్తే మట్టికంటే ముందు నాపరాయి పలుకుతుంది. పెదకోటయ్య తండ్రి రాళ్లు కొట్టాడు. పెదకోటయ్య కూడా మీసాలు రాకముందే సుత్తి పట్టాడు. తల్లి పోయేనాటికి లింగమ్మ ఇంకా పాకుతున్నది. తండ్రి ఎక్కువ కాలం బతకలేదు. చెల్లెల్ని చూసేవాళ్లు లేక పెదకోటయ్య ఆమెను చంకనేసుకుని క్వారీకి తీసుకుపోయేవాడు. నాలుగు కర్రలు పాతి, మీద గోనెపట్టా కట్టి, ఆ నీడలో కూర్చోబెట్టేవాడు. ఆ పిల్లకు బొమ్మలు లేవు. అన్న ఉలి కింద నుంచి ఎగిరిపడిన రాతిపెచ్చులను ఏరుకుని, నేల మీద పరుచుకుంటూ ఆడుకునేది.

పని ఆపి మంచినీళ్లు తాగుతూ అన్న ఆ ఆట చూసేవాడట.

“అట్టా కాదే. అతుకు కింద అతుకు పెట్టబాక. ఈ వరస అతుకు, కింది వరస రాయి నడిమజ్జకి రావాలి.”

“ఎందుకన్నా?”

“అతుకులన్నీ ఒకే దారిన పోతే నీళ్లు ఆ దారే పడతాయి. రాయి రాయిని పట్టుకోవాలి.”

ఈ సంభాషణ లింగమ్మ నాకు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని సగం కిందికి జరిపి చూపించేది.

ఆమెకు పెళ్లి చేశాడు. పెళ్లికొడుకు లారీ క్లీనరు. పెళ్లయిన మరుసటి ఏడే బండి బోల్తాపడి పోయాడు. పెదకోటయ్య వెళ్లి చెల్లెల్ని ఇంటికి తెచ్చుకున్నాడు. ఎవరినీ సలహా అడగలేదు. పెళ్లాం రత్తమ్మకు మాత్రం గుమ్మంలో నిలబడి, “మన లింగి వచ్చింది, ఇంకో గ్లాసెడు ఎసట్లో పొయ్యి” అని చెప్పాడు. రత్తమ్మ నోరు పెద్దది, మనసు మంచిది. ఆ వదినామరదళ్లు రోజూ పోట్లాడుకుంటూ ఒకే కంచంలో తిన్నారు.

తరువాత లింగమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేరింది. అక్కడి నర్సు సరస్వతమ్మకు క్రోషియా అల్లిక వచ్చు. మధ్యాహ్నం రోగులు నిద్రపోయే వేళ, వరండాలో కూర్చుని కొక్కెం ఉన్న సన్నని సూదితో దారాన్ని ముడిలోంచి ముడిలోకి లాగుతూ బల్లగుడ్డలు అల్లేది. లింగమ్మ పక్కన చేరి చూసింది. చూసి చూసి ఒకరోజు సూది అడిగి పుచ్చుకుంది. ఆసుపత్రిలో పుట్టిన పిల్లల్లో చాలామంది నెత్తికి మొదట ఎక్కిన టోపీ లింగమ్మ అల్లినదే. మా మనవడిదీ అంతే. ఆ టోపీ ఇప్పటికీ మా ఇనప్పెట్టెలో ఉంది.

ఇక అసలు సంగతి.

1983లో మా ఊరి పఠన మందిరానికి కొత్త హాలు కట్టారు. దాని నేలకూ వేదికకూ బండలు పరిచింది పెదకోటయ్య. మోకాళ్ల మీద పాకుతూ, దారం పట్టి, ఒక్కొక్క బండనూ తట్టి చప్పుడు విని మరీ కూర్చోబెట్టాడు. అప్పటికే రాతిదుమ్ము ఆయన ఛాతీలో చేరింది. ఒక బండ ఎత్తితే రెండుసార్లు దగ్గేవాడు. ఒకనాటి మధ్యాహ్నం లింగమ్మ అన్నకు అన్నం తెచ్చింది. నేను పేపరు కోసం అక్కడే ఉన్నాను. తిని చెయ్యి కడుక్కుంటూ పెదకోటయ్య నవ్వుతూ అన్నాడు.

“గుమాస్తా గారూ, రేపు ఈ బండల మీద నిలబెట్టి ఎవురెవురికో శాలువాలు కప్పుతారు. పరిచినోడికి మాత్రం దుమ్మే కప్పుద్ది.”

ఆయన వేళాకోళానికే అన్నాడు. మరుక్షణం మరిచిపోయాడు కూడా. లింగమ్మ మరిచిపోలేదు. గిన్నెలు సర్దుకుంటూ నేలనే చూసింది. బండల అతుకుల వెంట ఆమె చూపు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెళ్లి వచ్చింది.

ఆ కార్తీకంలో ఆమె నరసరావుపేట వెళ్లి ఊలు తెచ్చింది. నీలం కలిసిన బూడిద రంగు. తడిసిన నాపరాయి రంగు. దుకాణంలో ఎర్రవీ పచ్చవీ ముందు పోస్తే అన్నీ పక్కకు నెట్టి, అడుగున ఉన్న ఆ ఉండలు తీయించిందట. ఇంటికి రాగానే రత్తమ్మ అందుకుంది.

“ఏమే, పల్నాటి ఎండల్లో ఊలు శాలువా ఏందే? మీ అన్నని ఉడకేసి వడ్డిస్తావా?”

“పొద్దున్నే క్వారీ కాడ చలి నీకేం తెలుసు వదినా? నువ్వు లేచేతలికి పొద్దు నెత్తి మీదికొచ్చిద్ది.”

“అవునమ్మా, నీకోసం ఎసరు పెట్టేది మీ ఆసుపత్రి డాక్టరమ్మ.”

ఇటువంటి మాటల మధ్య, వాళ్ల ఇంటి అరుగు మీద, ఆ శాలువా పెరిగింది. మాది ఎదురిల్లు కనుక నేను రోజూ చూశాను. ఒకే ముక్కగా ఈ చివర నుంచి ఆ చివరకు అల్లుకుపోతే త్వరగా అయ్యేది. లింగమ్మ అలా అల్లలేదు. అరచేతి వెడల్పున, జానెడు పొడవున చిన్నచిన్న పలకలు విడివిడిగా అల్లింది. అవన్నీ పోగయ్యాక నేల మీద చాప వేసి పరిచింది. ఒక వరస అతుకు కింది వరస పలక నడుమకు వచ్చేటట్టు జరిపి, అప్పుడు కొక్కెంతో కలుపుకుంటూ వచ్చింది. వరసల చివర సగం పలకలు పడ్డాయి. హాలులో గోడవారన పెదకోటయ్య బండను సగానికి కొట్టి కూర్చోబెట్టింది కూడా అలాగే.

సరస్వతమ్మ ఒకసారి వచ్చి చూసి, “ఏమిటిది లింగమ్మా, అన్నీ వంకరగా జరిగిపోయాయి? నాలుగు మూలలూ ఎదురెదురుగా కలిస్తేనే అందం” అంది.

“మా అన్న అట్టా కలపనియ్యడమ్మా” అని లింగమ్మ నవ్వింది.

పెదకోటయ్యకు ఇదంతా తెలియకుండా ఉంచాలని ఆడవాళ్లిద్దరూ పడిన పాట్లు చూస్తే నవ్వొచ్చేది. ఆయన దగ్గు వీధి మలుపులో వినబడగానే అల్లిక బియ్యపు డబ్బాలోకి వెళ్లిపోయేది. ఒకనాడు ఆయన అన్నంలో ఊలు పోగు చూపించి, “ఏందే ఇది, బియ్యంలో గొర్రె ఏమన్నా పొర్లిందా?” అన్నాడట. రత్తమ్మ తడుముకోకుండా, “నీ మీసం తెల్లబడతంది, చూసుకో” అన్నది.

ప్రారంభోత్సవం మాఘమాసంలో పెట్టారు. అంతకుముందే లింగమ్మ నన్ను వెంటబెట్టుకుని కార్యదర్శి మల్లికార్జునరావు ఇంటికి వెళ్లింది.

“బాబూ, ఆ నేల పరిచింది మా అన్న. అతిథులకి అయిపోయినాక ఒక్క నిమిషం పిలవండి. నేనే కప్పుతా. మీకేం ఖర్చు లేదు.”

“దానికేముందమ్మా, తప్పకుండా పిలుస్తాం” అన్నాడు మల్లికార్జునరావు. “శాలువా తెచ్చి పూలదండల పళ్లెంలో పెట్టు. మిగతావాటితోపాటే ఉంటుంది.”

ఆ మాట అన్నప్పుడు ఆయన మోసం తలపెట్టాడని నేను అనను. కానీ ఆ మాట ఇచ్చింది ఆయనే. విన్నది నేను.

సభనాడు పెదకోటయ్య గడ్డం గీయించుకుని, చలువ చేసిన పంచె కట్టుకుని వచ్చాడు. శాలువా సంగతీ, తనను పిలుస్తారనీ అప్పటికి లింగమ్మ చెప్పేసింది. “నాకెందుకే ఇయ్యన్నీ” అంటూనే పొద్దున్నుంచి నాలుగుసార్లు అద్దం చూసుకున్నాడని రత్తమ్మ నలుగురికీ చెప్పింది. అన్నాచెల్లెళ్లు హాలు గుమ్మం దగ్గర నిలబడ్డారు. శాలువా పళ్లెంలో ఉంది.

పిలిచిన అతిథులు ఇద్దరు. కార్యవర్గం కొన్న శాలువాలు రెండు. సభ మొదలైన కాసేపటికి బయట జీపు ఆగింది. దారిన పోతున్న ఒక పెద్దమనిషి మన సభ సంగతి విని లోపలికి వచ్చారు. లేచి నమస్కారాలు పెట్టి ఆయనను వేదిక మీద కూర్చోబెట్టారు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన పిలవమని అడగలేదు, కప్పమనీ అడగలేదు.

మన సభల మర్యాద అందరికీ తెలిసిందే. వేదిక మీద ముగ్గురు కూర్చుంటే ఇద్దరికి కప్పి ఒకరిని ఒట్టి భుజాలతో పంపకూడదు. దండలు వేయడం అయింది. రెండు శాలువాలూ అయిపోయాయి. మల్లికార్జునరావు పళ్లెం వైపు చూశాడు. పక్కవాడితో, “అది అందుకో” అన్నాడు. మైకులో, “పఠన మందిరం తరఫున” అని వినిపించింది.

శాలువా పైకి లేవడం గుమ్మంలోంచి కనిపించింది. తన పిలుపు వచ్చిందనుకున్నాడు పెదకోటయ్య. చెప్పులు గుమ్మం బయట విడిచి, తాను పరిచిన బండ మీద ఒక అడుగు వేశాడు. అప్పుడు శాలువా ఆ పెద్దమనిషి భుజాల మీద పడింది. చప్పట్లు మోగాయి. ఖాసిం ఫోటో తీశాడు. పెదకోటయ్య వేసిన అడుగు వెనక్కి తీసుకుని, వంగి చెప్పులు తొడుక్కున్నాడు.

నేను లేచి, “ఆ శాలువా పెదకోటయ్యది” అన్నాను. మల్లికార్జునరావు కూర్చోమని చేత్తో సైగ చేసి, వందన సమర్పణ మొదలుపెట్టించాడు. పెదకోటయ్య పేరు ఆ వందన సమర్పణలోనూ రాలేదు. జీపు వెళ్లిపోయింది. శాలువా దానితోపాటే వెళ్లింది.

ఆ సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లాను. రత్తమ్మ కార్యవర్గాన్ని వరసపెట్టి తిడుతున్నది. పెదకోటయ్య మంచం మీద కూర్చుని చెల్లెల్ని సముదాయిస్తున్నాడు.

“పోనీలేవే. అంతమందిలో నా మీద పడుంటే సిగ్గుతో చచ్చేవోణ్ణి. ఆయనకి మాత్రం చలి ఉండదా ఏంది?”

“ఆయనకి చలేస్తే వాళ్ల చెల్లెలు అల్లుద్ది” అన్నది లింగమ్మ.

మరో రెండు రోజులకు మల్లికార్జునరావును నిలదీశాను. శాలువా వెనక్కి తెప్పించమన్నాను.

“ఒకసారి కప్పిన శాలువా తిరిగి ఇమ్మని అడిగితే ఊరి పరువేం కావాలి బాబాయ్? ఇంకోటి అల్లుకోమనండి, ఊలు మేం కొనిస్తాం” అన్నాడు.

ఈ మాట లింగమ్మకు చెప్పాను. ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతున్నది. చేట ఆపింది.

“అది సన్మానానికి అల్లింది బాబాయ్. ఇప్పుడు ఇంకోటి అల్లితే దుప్పటి అవుద్ది.”

అల్లలేదు. మిగిలిన ఊలుతో మాత్రం అన్నకు మెడకు చుట్టుకునే మఫ్లరు ఒకటి చేసింది. పెదకోటయ్య దాన్ని చైత్రం దాటినా తీయలేదు. రత్తమ్మ “నిన్ను చూస్తే నాకు చెమట పడతంది” అని సణిగేది. సాయంత్రం అది చుట్టుకుని హాలుకు వచ్చి, వెనక బల్ల మీద కూర్చునేవాడు. ఆయనకు చదువు రాదు. నేను పేపరు చదువుతుంటే వింటూ, మధ్యమధ్య బొటనవేలితో బండల అతుకును రాస్తూ ఉండేవాడు. ఎవరైనా బల్లను బరబర ఈడిస్తే, “ఎత్తి పెట్టరాదంటయ్యా, అది నేలే, నీ పెళ్లాం కాదు” అనేవాడు. చదువుకునే కుర్రాళ్లంతా నవ్వేవారు. ఆ సాయంత్రాలు తలచుకుంటే, మా ఊళ్లో ఆ హాలు నిజంగా హాలుగా ఉన్నది అప్పుడేనని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ వెనక బల్ల ఖాళీ. కిందటి వానాకాలం నుంచి పెదకోటయ్య వీధి చివరి దాకా కూడా నడవలేకపోతున్నాడు. మిషన్ ఆసుపత్రి డాక్టరు రాతిదుమ్మని చెప్పారు. ఇక మందు పెద్దగా చేసేది లేదని కూడా చెప్పారు. లింగమ్మ పని మానేసి అన్న మంచం పక్కన కూర్చుంటున్నది. ఆమె సంచిలో సూది ఉంది, ఊలు లేదు.

ఈ స్థితిలో సంచిక వచ్చింది. ఫోటో చూపించమని పెదకోటయ్యే అడిగాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఆయన చూసింది పెద్దమనిషిని కాదు.

“లింగీ, అతుకులు భలే కలిపావే” అన్నాడు.

అప్పటిదాకా ఆ శాలువాను ఆయన దగ్గరగా చూడనే లేదు.

కార్యవర్గం వారికి ఇది నా చివరి విజ్ఞాపన. ఆ ఫోటోను మీరూ ఒకసారి కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడండి. అతిథి పాదాల కింద నేల ఉంది, భుజాల మీద శాలువా ఉంది. రెండింటి వరసా ఒకటే. ఏ దుకాణంలోనూ అటువంటి శాలువా దొరకదు. సంచికలో రాసిన అబద్ధాన్ని కొట్టివేసి, అల్లినవారు లింగమ్మ అనీ, ఎవరి కోసం అల్లారో ఆ పేరు పెదకోటయ్య అనీ సవరణ అచ్చువేయండి. ఈ ఏడు హాలులో వేలాడదీసిన ఫోటో కింద కూడా అదే రాయండి.

మల్లికార్జునరావూ, పళ్లెంలో పెట్టమన్నది నువ్వు. ఊరి పరువు సంగతి నేను చూసుకుంటాను; నువ్వు ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్లి అడుగు. అయ్యా, ఆనాడు మా ఊళ్లో ఆగి వెళ్లిన మీకూ ఇదే మనవి. సభల్లో వచ్చిన శాలువాలు మీ బీరువాలో చాలానే ఉండి ఉంటాయి. బూడిద రంగు ఊలుది, అతుకులు జరిగినట్టు కనిపించేది, అడుగున ఎక్కడో ఉంటుంది. మాసినా సరే, పురుగు కొట్టినా సరే, తీసి పంపండి. కార్యవర్గం వారు దాన్ని పెదకోటయ్య మంచం దగ్గరకు తీసుకురండి. కప్పడానికి మీరెవరూ చెయ్యి వేయవద్దు. లింగమ్మ చేతికి ఇచ్చి, పక్కకు తప్పుకుని నిలబడండి. ఆయన ఊపిరి ఉండగానే రండి.