‘ఖాళీ గది’ అనే ఫైలు

పోయిన నెల ఒక మంగళవారం, కాలేజీలో మూడో పీరియడ్ చెబుతుండగా ఫోన్ వచ్చింది. మా పక్కింటి సర్దారు గారి కూతురు. వరండాలోకి వచ్చి ఎత్తాను. "అక్కా, నాయిన పోయిండు" అంది. ఖమ్మం దవాఖానా నుంచి బండిలో తీసుకొస్తున్నారు, ఏన్కూరు దాటారు. నేనేమన్నానో గుర్తు లేదు. మళ్లీ క్లాసులోకి వెళ్లి, బోర్డు మీద సగంలో ఆపిన వాక్యం పూర్తి చేశాను. ఎందుకు పూర్తి చేశానో ఇప్పటికీ తెలియదు.

మూడో రోజున పిన్ని, అంటే ఆయన భార్య, నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఏదో ఒకటి తినమని ఆమెను బతిమాలుతున్నారు. ఆమె చెవిన పడటం లేదు. నా చెయ్యి పట్టుకుని, "బిడ్డా, ఆయన గొంతు నీ కాడ ఉన్నది కదా?" అని అడిగింది.

"ఉంది పిన్నీ" అన్నాను.

"దినం నాడు వెడ్తవా? ఒక్కసారి ఇనాలె."

పెడతానన్నాను. నా దగ్గర ఉన్నది ఆయన గొంతేనా? పిన్ని అడిగింది నేను ఇవ్వగలనా? అప్పుడు మొదలైన ఆ అనుమానమే ఈ నాలుగు మాటలు రాయిస్తోంది.

ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. బొగ్గు గనిని ఇక్కడ బాయి అంటారు. బాయిలో సర్దారు అంటే, షిఫ్టు మొదలయ్యే ముందు అందరికంటే ముందుగా లోపలికి వెళ్లే మనిషి. చేతికర్రతో పైకప్పును తట్టి, చప్పుడు విని, ఇక్కడ పని చేయొచ్చు, అక్కడికి పోకండి అని చెప్పే మనిషి. ఆయన చెప్పేదాకా మిగతావాళ్లు ఆగాలి. ముప్పై ఏళ్లకు పైగా ఆ పని చేసి, రిటైరై, జూలూరుపాడులో మా పక్కన ఇల్లు కట్టుకున్నారు. బాయి దుమ్ము ఆయన ఛాతీలో పిల్లికూతగా మిగిలింది. మా గేటు తీయకముందే ఆ కూత వినబడేది. బాబాయ్ వచ్చారని చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టేదాన్ని.

నా పుట్టిల్లు మధిర వైపు. యూనివర్సిటీలో ఉండగా ఆడవాళ్ల పని పాటల మీద మొదలుపెట్టిన పరిశోధన పెళ్లితో ఆగిపోయింది. అప్పట్లో ఊళ్లు తిరిగి రికార్డు చేసిన క్యాసెట్లు బూజు పట్టిపోయాయి. నలభై దాటాక మళ్లీ ఆ పాటలు పట్టుకోవాలనిపించింది. ఇంట్లోనే ఒక గదిని రికార్డింగుకు తయారు చేసుకుంటే పాడేవాళ్లను అక్కడే కూర్చోబెట్టవచ్చు. అనుకున్నానే గానీ, ఈ వయసులో ఇది అవసరమా, ఎవరు వింటారు అని ఆర్నెల్లు ఊగిసలాడాను. మైకు వచ్చాక కూడా చాలా రోజులు డబ్బా విప్పలేదు.

గది ఏదో కాదు, మా ఆయన మిరపకాయల బస్తాలు వేసే వెనక గది. బస్తాలు తీయించి సున్నం వేయించినా ఘాటు పోలేదు. ఫోన్‌లో ఎవరో చెప్పింది చూసి, కోడిగుడ్ల అట్టలు తెచ్చి గోడకు అంటిస్తూ ఆగకుండా తుమ్ముతుంటే, ఆ చప్పుడుకు సర్దారు గారు వచ్చారు.

"ఏంది మేడమ్, కోళ్ల ఫారం వెడ్తున్నవా?"

"కాదు బాబాయ్ గారూ, పాటలు రికార్డు చేసుకునే గది."

"పాటలకు గుడ్ల అట్టలెందుకు?"

గదిలో మాట మోగకూడదని, మోగితే మైకులో పాట పాడవుతుందని చెప్పాను. గుమ్మంలో నిలబడి పైకప్పు వంక చూశారు. "ఆగు. నువ్వు లోపటికి రాకు" అన్నారు. మా ఇంట్లో నా గదిలోకి నాకంటే ముందు ఆయన వెళ్లి, చేతికర్రతో నాలుగు మూలలా పైకప్పును తట్టారు. తట్టిన ప్రతిసారీ తల ఒక పక్కకు వంచి విన్నారు. తర్వాత గోడలు తట్టారు. అంతా అయ్యాక, "ఇగ రా" అన్నారు.

"బాయిల ఖంగుమంటే మంచి కప్పు. డొల్ల సప్పుడొస్తే కూలుతదని లెక్క. నీకేమో ఖంగుమంటే పాడాయె. ఉల్టా పని బిడ్డా నీది!" అని నవ్వారు. నవ్వు దగ్గులోకి జారింది. ఆ రోజు నుంచి నేను మేడమ్‌ని కాను.

గుడ్ల అట్టలు ఆయనే పీకేశారు. గోనె సంచుల్లో పనికిరాని పత్తి దట్టంగా కూరి గోడల వెంట పేర్చారు గానీ, అది తర్వాతి పని. అందరూ గోడలతో మొదలుపెడతారు కదా, ఆయన పైకప్పుతో మొదలుపెట్టారు. పిన్ని పాత చీరలతో కుట్టిన బొంతలు తెచ్చి, జామాయిల్ కర్రల చట్రానికి కట్టి, దాన్ని నాలుగు మూలలా నాలుగు గుంజల మీద నిలబెట్టారు.

పిన్ని మా వాకిట్లోకి వచ్చి తగువు పెట్టుకుంది. "నా బొంతలన్నీ పట్కొచ్చి ఇక్కడ కడ్తున్నవ్. సలికాలం గోడలు కప్పుకుంటయా, మనం కప్పుకుంటమా?"

"గోడకు మాత్రం సలి పెట్టదానే?" అన్నారాయన, కర్ర మీంచి చూపు తిప్పకుండా.

గుంజలు నాలుగుతో ఆగలేదు. గది మధ్యలో ఐదోది పాతారు. మైకుకు అడ్డమొస్తుంది, తీసేద్దాం బాబాయ్ అన్నాను.

"తల మీద బరువున్నది. గుంజ లేకుంట దాని కింద మనిషిని కూసోవెట్ట."

"నాలుగు బొంతలే కదా!"

"నాలుగు బొంతలైనా తలకాయ మీదనే ఉన్నయ్."

మా ఆయన తొంగి చూసి, "బొగ్గు ఎప్పుడు పడుతుంది సర్దారూ?" అని అడిగితే, "నీ మిర్చి ఎండకముందే పడ్తది" అన్నారు. చివరికి ఆ గుంజ ఉండిపోయింది. మైకును దానికే, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, వేలాడదీశాము. గది లోపల చప్పట్లు కొట్టి చూస్తే చప్పుడు చేతుల దగ్గరే ఆగిపోయింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. మళ్లీ మళ్లీ కొట్టాను. "ఇంక సాలు, సభ అయిపోయింది" అన్నారు.

ఆ తర్వాత రెండేళ్లు ఆ గదికి కాపలా ఆయనదే. తలుపు తీసిన ప్రతిసారీ ముందు ఆయన వెళ్లి, నాలుగు మూలలా తట్టి, రా అంటేనే మేము లోపలికి వెళ్లడం. పాడటానికి వచ్చిన ఆడవాళ్లు మొదట నవ్వారు. తర్వాత వాళ్లే గుమ్మం దగ్గర ఆగడం మొదలుపెట్టారు. కొత్తగూడెం రోడ్డు మీద బొగ్గు లారీ వస్తుంటే నాకంటే ముందే చెయ్యెత్తేవారు. "లోడుది. మెల్లగ పోతది, ఆగుండ్రి." పాట ఆపి కూర్చునేవాళ్లం. ఇంకోసారి, "ఖాళీది. ఇట్లొచ్చి అట్ల పోతది" అనేవారు. అదెలా తెలుస్తుందని అడిగాను.

"సప్పుడైతే అందరు ఇంటరు బిడ్డా. సర్దారు సప్పుడు లేనప్పుడు గూడ ఇనాలె. గప్పుడే బతుకుతరు."

ఆయన పాడతారని చాలా కాలం నాకు తెలియదు. ఒకరోజు తునికాకు ఏరే ఆడవాళ్లు పాడి వెళ్లాక, గుంజకు ఆనుకుని కూర్చుని ఏదో కూనిరాగం తీస్తున్నారు. మా అమ్మది అన్నారు. ఆయన చిన్నప్పుడు, మబ్బు పడితే, ఆకు కట్ట నెత్తిన పెట్టుకుని అడవి నుంచి వస్తూ పాడేదట.

"మొగులయ్యె మొగులయ్యె మోదుగుల మీద
కట్ట దించలేదింక, ఆగవే వాన..."

రికార్డు చేద్దామంటే ఒప్పుకోలేదు. ఊపిరే ఆడదు, పాటేంది అన్నారు. వారం రోజులు వెంటపడితే, ఒక ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నారు. ఒక్కో చరణానికి మధ్య ఊపిరి కోసం ఆగారు. మాట వెనక పిల్లికూత సన్నగా సాగుతూనే ఉంది. రెండుసార్లు దగ్గు తెర వచ్చింది. పాట అయ్యాక ఆయన నన్ను ఒకటే అడిగారు.

"నా దగ్గు ఇనవడకుంట చెయ్యొచ్చా బిడ్డా? అది బాయిది. పాట అమ్మది."

చేయొచ్చన్నాను. దానికొక పద్ధతి ఉంది. ఎవరూ మాట్లాడకుండా, పాడకుండా గదిని ఒక నిమిషం విడిగా రికార్డు చేసుకోవాలి. ఆ నిమిషాన్ని చూపిస్తే, అందులో ఉన్న చప్పుళ్లను కంప్యూటర్ పాటలోంచి ఏరేస్తుంది. లేచి బయటికి వెళ్లమంటే ఆయనకు ఆయాసం. అందుకని, "ఒక్క నిమిషం ఊరికే కూర్చోండి బాబాయ్" అన్నాను. కూర్చున్నారు.

ఆ తర్వాత రెండు ఆదివారాలు ఆ పాట మీదే గడిపాను. దగ్గులు కోశాను. చరణాల మధ్య ఊపిరి తీసుకున్న చోట్లు ఒక్కొక్కటే కత్తిరించాను. పిల్లికూతను కంప్యూటర్ తుడిచేసింది. ఆయనకు వినిపిస్తే హెడ్‌ఫోన్లు రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకున్నారు. "గిది నేనేనా? పడుసు పిల్లగాని లెక్క పాడిన కదనే!" అన్నారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు. కంప్యూటర్‌లో చోటు చాలడం లేదని, శుభ్రం చేసింది ఉంచుకుని, మొదట పాడినదాన్ని తీసేశాను.

దినం నాడు భోజనాలయ్యాక స్పీకరు పెట్టి ఆ పాట వేశాను. కూతురు ఏడ్చింది. బంధువులు, "అబ్బ, ఎంత మంచిగ పాడిండు" అన్నారు. అందరూ వెళ్లాక, పిన్ని పెరట్లో గిన్నెల దగ్గర నా పక్కన కూర్చుని, నెమ్మదిగా అంది.

"మంచిగున్నది బిడ్డా. కానీ గా పాటల ఆయన ఊపిరి తీస్కుంటలేడు."

చేతిలో గిన్నె కింద పెట్టాను. చెప్పేశాను. నేనే కోశాను పిన్నీ, అసలుది లేదు, తీసేశాను అన్నాను. బాబాయే దగ్గు తీసేయమన్నారని కూడా చెప్పాను. అది నన్ను నేను కాపాడుకోవడానికి చెప్పానేమో.

"ఆయనే అన్నడా?"

"అవును పిన్నీ."

"ఆయనకేం తెలుసు? ఆయన దగ్గు ఆయన ఎన్నడన్న ఇన్నడా? ఇన్నది నేను." కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "గా కూత ఇనవడ్తుంటేనే నాకు ఇంట్ల మనిషి ఉన్నట్టు. ఇప్పుడు చెవులల్ల ఏం లేదు."

కోపంగా అని ఉంటే బాగుండేది. ఆమె నా ముందున్న గిన్నె కూడా తీసుకుని కడిగింది.

మర్నాడు సాయంత్రం గది తలుపు తీశాను. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. రెండేళ్ల అలవాటు. ఎవరైనా రా అంటారని నిలబడ్డాను. ఎంతసేపో. తర్వాత సిగ్గుపడి లోపలికి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పోయినవాటిని తిరిగి రప్పించే ఉపాయాలేవో తెలిసినవాళ్లను అడిగి చేసి చూశాను. ఏదీ రాలేదు. పిన్నికి ఏమని చెప్పాలో తోచక, మిగిలిన ఫైళ్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే, అడుగున ఒకటి కనబడింది. ‘ఖాళీ గది’. నేను పెట్టిన పేరే. పాటలోంచి ఏం తీసేయాలో కంప్యూటర్‌కు చూపించడానికి తీసుకున్న ఆ నిమిషం.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని నొక్కాను.

మొదట ఏమీ లేదు. తర్వాత ఊపిరి. లోపలికి కొంచెం, ఒక చిన్న ఆగడం, సన్నని కూత, ఇంకొంచెం, తర్వాత పొడుగ్గా బయటికి. మళ్లీ. మళ్లీ. ఆయన మాట్లాడకూడదని ఎంత బుద్ధిగా కూర్చున్నారో తెలుస్తోంది. దగ్గు వస్తే మింగుకున్న చప్పుడు. చివర్లో, "అయిందా బిడ్డా? ఊకె కూసునుడు గింత కష్టమా!" ఆ వెంటనే నా నవ్వు. ఆ మనిషి కూర్చుని ఉన్న గదికి ఖాళీ అని పేరు ఎలా పెట్టానో నాకు అర్థం కాలేదు. పేరు మార్చాలనుకున్నాను. ఇంతవరకూ మార్చలేదు. మార్చితే చేసిన పని మరచిపోతానేమోనని భయం.

పరుగున వెళ్లి పిన్నిని తీసుకొచ్చాను. మధ్య గుంజకు ఆనుకుని, ఆయన కూర్చున్న చోటే కూర్చుంది. ఒకసారి పైకి చూసి తన బొంతల్ని గుర్తుపట్టింది. హెడ్‌ఫోన్లు నేనే పెట్టాను. పాట కాదు పిన్నీ, ఊరికే కూర్చున్నారు అంతే అని చెప్పబోతే, అరచెయ్యి ఎత్తి నన్ను ఆపింది. లోడు లారీకి ఆయన ఎత్తినట్టే.

నిమిషం అయ్యాక పిన్ని ఏడవలేదు, నన్ను క్షమించినట్టు కూడా ఏమీ అనలేదు. "మల్ల వెట్టు" అంది. పెట్టాను.

ఇప్పుడు ఆదివారం పూట వస్తుంది. నేను ఫోన్‌లో వేసిస్తాను, ఇంట్లోనే వినొచ్చు అని చెప్పాను. ఇంట్లో సప్పుడు బిడ్డా అంటుంది. వచ్చి గుంజకు ఆనుకుని, "ఫ్యాను బంద్ చెయ్" అని, కళ్లు మూసుకుంటుంది. చప్పుడంతా ఆమె చెవుల్లోనే ఉంటుంది, బయటికి ఏమీ వినబడదు. పిన్నికి ఆయాసం లేదు, ఏ జబ్బూ లేదు. అయినా ఆ నిమిషం పాటు ఆమె భుజాలు కొంచెం లేచి, ఆగి, ఇంకొంచెం లేచి, పొడుగ్గా దిగుతాయి. నేను ఫ్యాను స్విచ్చి మీద చెయ్యి ఉంచి, కదలకుండా నిలబడతాను.