ట్యాంకు మూత

అరటితోటకు కాలువ నీళ్లు తోడే మా పాత పెట్రోలు ఇంజను తొంభైల్లో ఒక వేసవిలో, ఐదు నిమిషాలు ఆడి ఆగిపోవడం మొదలుపెట్టింది. తప్పంతా కార్బురేటర్‌దేనని మూడు రోజులు దాన్ని విప్పి కడిగాను, అందులో పెట్రోలు చిమ్మే సన్నటి జెట్టును నోటితో ఊదాను, కొత్త వాషర్లు వేసి బిగించాను. ఎవరేం చెప్పబోయినా కసిరాను.

రావులపాలెం నుంచి వచ్చిన మెకానిక్ కార్బురేటర్‌ను ముట్టుకోనే లేదు. ట్యాంకు మూత మీది సన్నటి చిల్లులోంచి సబ్బు గీకి తీశాడు. పెట్రోలు ఆవిరైపోతోందని దాన్ని పూడ్చింది నేనే. ఇంజను ఇక ఆగలేదు.

“గాలి లోపలికెళ్తేనే కదండీ పెట్రోలు దిగేది,” అన్నాడు.

మజ్జిగ తెచ్చిన మా ఆవిడ ఇంజను వంకే చూస్తూ అంది: “నూనెడబ్బాకైనా రెండో చిల్లు పెడితేనే ధార వస్తుంది. మొదటిరోజు నేను చెప్పబోయింది అదేనండి.”