బాబాయి చొక్కా మీద మూడో పట్టీ

నా చిన్నప్పుడు మా ఇంటి ముందుగదే మా నాన్న టైలరింగ్ షాపు. అనకాపల్లిలో ఖాకీ కుట్టడంలో ఆయనకు మంచి పేరుండేది. పోలీసులు, ఫారెస్టువాళ్ళు, హోంగార్డులు అందరూ మా దగ్గరికే వచ్చేవారు. ఆ రోజుల్లో మా ఊరి హోంగార్డులు పగలంతా ఎవరి పని వాళ్ళు చేసుకునేవారు. ఆదివారం పరేడుకు వెళ్ళేవారు. వరద వచ్చినా, ఎక్కడైనా ఇళ్ళు తగలబడినా కబురు అందగానే యూనిఫాం తొడుక్కుని పరిగెత్తేవారు. చొక్కా చేతుల మీద పట్టీలు లేకపోతే మామూలు హోంగార్డు. రెండుంటే లీడరుకు సాయంగా ఉండేవాడు. మూడుంటే సెక్షన్ లీడరు. అతను చెయ్యి ఎటు చూపిస్తే మిగతావాళ్ళు అటు వెళ్ళాల్సిందే.

పక్కింటి బాబాయివి రెండు పట్టీలు. ఆయన బెల్లం మార్కెట్లో దిమ్మలు తూచేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు ఆకులో చుట్టిన బెల్లం ముక్క నా చేతిలో పెట్టేవాడు. నాకు తొమ్మిదేళ్ళు. మా ఇంట్లోవాళ్ళ తర్వాత నాకు అంత ఇష్టమైన మనిషి మరొకరు లేరు.

ఒకరోజు పిన్ని, అంటే బాబాయి భార్య, గోడ అవతల అంటూంటే విన్నాను. "నీ యెనకాల సేరినోళ్ళకి మూడో పట్టీ వొచ్చీసింది. నీకెప్పుడొత్తాదో ఏటో." బాబాయి నవ్వాడు. "వొచ్చినప్పుడొత్తాదిలే. దాంతో మనకేటి పని" అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అందులో ఏదో చిన్నబోయినట్టు అనిపించింది.

అప్పుడు బాబాయి చొక్కా మా షాపులోనే ఉంది. జేబు చిరిగితే బాగుచేయమని ఇచ్చాడు. నాన్న ఆ పని ముగించి పక్కన పెట్టాడు. శనివారం మధ్యాహ్నం నాన్న నమాజుకు మసీదుకు వెళ్ళగానే పట్టీలున్న రేకు డబ్బా తీశాను. రెండు చేతుల మీదా మూడో పట్టీ పెట్టి, సూదికి అప్పటికే ఎక్కించి ఉన్న తెల్ల దారంతో కుట్టేశాను. తర్వాత చొక్కా మడతపెట్టి కాగితంలో చుట్టేశాను. ఆదివారం పరేడులో బాబాయి ఆశ్చర్యపోతాడని, పిన్ని మురిసిపోతుందని నా ఊహ.

పరేడు జరగలేదు. రాత్రంతా వాన కురిసింది. తెల్లారేసరికి శారదా నది పొంగిందని, హోంగార్డులందరూ గట్టు దగ్గరికి రావాలని కబురొచ్చింది. బాబాయి హడావుడిగా వచ్చి పొట్లం విప్పీ విప్పకుండానే చొక్కా తొడుక్కున్నాడు. పైన రెయిన్‌కోటు వేసుకుని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. పట్టీ సంగతి చెప్పకుండా సైకిలు మలుపు తిరిగేదాకా చూశాను.

కాసేపాగి నాన్నను అడిగాను. "అబ్బాజాన్, లేని పట్టీ తగిలించుకుంటే ఏటవుద్ది?"

ఆయన మిషను ఆపకుండానే జవాబిచ్చాడు. "కేసెట్టి లోపలేత్తారు. కుట్టిన దర్జీనీ వొగ్గెయ్యరు బేటీ."

 మూలనున్న గుడ్డల మూట మీద కూర్చుండిపోయాను. వీధిలో బూటు చప్పుడైతే చాలు, నాన్న కోసమే వస్తున్నారనుకునేదాన్ని. ఆయన వంచిన తలకేసి, కత్తెర పట్టిన వేళ్ళకేసి చూస్తూ, ఈ చేతులకు బేడీలు వేస్తారు కాబోలనుకున్నాను. చెప్పేద్దామని రెండుసార్లు లేచాను. రెండుసార్లూ మళ్ళీ మూట మీదే కూర్చున్నాను. అమ్మ అన్నం పెడితే తినలేకపోయాను. జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

మధ్యాహ్నం దాటాక పాలుపోసే ఆవిడ వచ్చి అమ్మతో అంది. "మీ పక్కింటాయన్ని ఆఫీసరు అందర్లోనూ నిలబెట్టి సొక్కా ఇప్పించేసేడంట. ఏటి సేసేడో ఏటో." నేను మిషను వెనకాలకు వెళ్ళి దాక్కున్నాను.

పొద్దు వాలుతుండగా బాబాయి వచ్చాడు. నాన్న అప్పుడే మసీదుకు బయలుదేరాడు. బాబాయి బనీనుతో ఉన్నాడు, తడిసిన చొక్కా చేతిలో ఉంది. నా ఎదురుగా బల్ల మీద కూర్చుని చొక్కా నా ఒళ్ళో పెట్టాడు.

"ఇది నువ్వే కుట్టేవు కదమ్మా. ఖాకీ మీద తెల్ల దారం మీ నాన్న వాడడు."

నేను తలూపాను. ఆయన కోప్పడలేదు. నెమ్మదిగా జరిగింది చెప్పాడు. గట్టు అవతల చెరకు తోటలో మోటారు షెడ్డు మీదకెక్కి ఒక కుటుంబం కేకలు పెడుతోందట. గట్టు మీద ఒక ముసలమ్మ చలికి వణికిపోతుంటే బాబాయి తన రెయిన్‌కోటు తీసి ఆమెకు కప్పాడు. అంతలో రోలుగుంట నుంచి లారీలో కొత్త హోంగార్డులు దిగారు. వాళ్ళకు బాబాయి ఎవరో తెలియదు. చేతి మీద మూడు పట్టీలు మాత్రం కనిపించాయి. నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళు ఎక్కడ ఉన్నారని వాళ్ళలో ఒకతను అడిగితే బాబాయి చెయ్యెత్తి షెడ్డు చూపించాడు. అతను మరో మాట అడగకుండా నీళ్ళలోకి దిగిపోయాడు.

"నేను సూపించేనంతే. ఎల్లమని అన్లేదు. ఆడు నన్ను సూళ్ళేదమ్మా, పట్టీలు సూసేడు."

నీళ్ళు అతన్ని ఈడ్చుకుపోయాయి. తుమ్మకొమ్మ ఒకటి చేతికి అందబట్టి ప్రాణం దక్కింది. తాడు వేసి లాగేసరికి భుజం ఎముక విరిగిపోయి ఉంది. తర్వాత అసలు లీడరు పడవ తెప్పించి షెడ్డు మీదివాళ్ళను దించాడు. ఆఫీసరు బాబాయి చేతికేసి చూసి, ఇదెక్కడిదని అడిగాడు. చూసుకోకుండా తొడుక్కున్నాను, తప్పు నాదేనని బాబాయి అన్నాడట. మా షాపు పేరెత్తలేదు.

"ఇప్పీమ్మా" అన్నాడు. బ్లేడు తీసి మూడో పట్టీ విప్పాను. "మిగతా రెండూ కూడా. ఆఫీసరుగారు తీసెయ్యమన్నారు." అవి ఆయన ఏళ్ళ తరబడి పనిచేసి సంపాదించుకున్నవి. కళ్ళకు నీళ్ళడ్డం వచ్చి బ్లేడు తగిలి వేలు తెగింది. బాబాయి నా వేలికి గుడ్డపీలిక చుట్టి, మిగతా కుట్లు కూడా నాచేతే విప్పించాడు.

మర్నాడు నన్ను సైకిలు మీద ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. భుజానికి కట్టుతో ఆ కొత్త హోంగార్డు పడుకుని ఉన్నాడు. పక్కన కూర్చున్న భార్య గంజి తాగిస్తోంది. బాబాయిని చూడగానే అతను గబగబా లేవబోయాడు. నొప్పికి మొహం వంకర తిరిగిపోయింది.

"తప్పయిపోనాది సార్. మీరు సెప్పినట్టు దాటలేకపోనాను."

బాబాయి అతన్ని మెల్లగా పడుకోబెట్టాడు. తర్వాత అతని కాళ్ళ దగ్గర కూర్చుని, "నేను సార్ని కాదు బావా, నీలాంటోణ్ణే" అన్నాడు. భార్య ఇద్దరికేసీ అయోమయంగా చూసింది. నిజం చెప్పాల్సింది నేను. నేనేమో బాబాయి చొక్కా అంచు పట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

తిరిగి వస్తుంటే పోలీసులొస్తారా అని అడిగాను. రారని చెప్పాడు. కొంతదూరం పోయాక మళ్ళీ తనే అన్నాడు. "పోలీసుల బయం కాదమ్మా ఉండాల్సింది. మన సెయ్యి సూసి ఇంకోడు ఏటి సేత్తాడో, ఆ బయం ఉండాల. నిన్న పొద్దున నాకది నేదు. మీ నాన్నకి నేను సెప్పను. సెప్తావో మానేత్తావో నీ ఇష్టం."

ఆ సాయంత్రమే నాన్నకు చెప్పాను. ఆయన మిషను ఆపేశాడు. కొట్టలేదు, తిట్టలేదు. టోపీ పెట్టుకుని, షాపుకు తాళం వేసి, తప్పు తన షాపులో జరిగిందని చెప్పడానికి ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన తిరిగి వచ్చేదాకా అమ్మ, నేను గుమ్మంలోనే కూర్చున్నాం. అంత పొడుగాటి సాయంత్రం నా జీవితంలో మరొకటి లేదు. ఆయన క్షేమంగానే వచ్చాడు. ఆఫీసరు అంతా విని, వేసుకున్నవాడు చూసుకోవాల్సిందేనని అన్నాడట. ఏడాదిపాటు బాబాయి ఉత్త చేతులతోనే పరేడుకు వెళ్ళాడు. ఆ ఏడాది పొడవునా ఆయన తెచ్చిన బెల్లం ముక్కను ఆకు విప్పకుండానే అమ్మకు ఇచ్చేసేదాన్ని.

ఇప్పుడు షాపు నాది. అచ్యుతాపురం కంపెనీల సెక్యూరిటీవాళ్ళ యూనిఫాంలు ఎక్కువగా వస్తాయి. సూపర్‌వైజరు పట్టీ కుట్టమంటే ఆర్డరు కాగితం చూపించమంటాను. ఈమధ్య ఒక సెక్యూరిటీ కుర్రాడు వచ్చి, పెళ్ళిచూపులకు ఫోటో ఇవ్వాలి, ఒక్క పట్టీ వేసిపెట్టండి ఆంటీ అని బతిమాలాడు. కుదరదన్నాను. నవ్వి, చొక్కా భుజాన వేసుకుని పక్కవీధి షాపుకు వెళ్ళాడు. వాళ్ళు కుట్టే ఉంటారు. ఫోటో అయ్యాక అతను ఆ చొక్కాతోనే డ్యూటీకి వెళ్ళిపోతాడేమో, అతను చెయ్యి చూపిస్తే ఎవరు ఎటు నడుస్తారోనని ఆ పూటంతా నాకు భయంగానే ఉంది.