క్యాసెట్లో లేని గొంతు

క్యాసెట్ బయటికొచ్చేదాకా బంగార్రాజుకి ఎవరూ చెప్పలేదు. బందరు కుర్రాళ్లు నలుగురు కలిసి పెట్టుకున్న 'ఉప్పుగాలి' అనే రాక్ బ్యాండుకి అతనే గాయకుడు. 1998లో విజయవాడ వెళ్లి, మొదటి క్యాసెట్‌కి పాటలన్నీ పాడి వచ్చాడు. అతను వచ్చేశాక కంపెనీ యజమాని, "ఈ గొంతు చేపలమ్ముకోడానికి బాగుంటుంది" అని నవ్వి, ఇంకొకడి చేత మళ్లీ పాడించాడు. గిటారు వాయించే చంద్రశేఖర్ ఒప్పుకున్నాడు. పాటల్లో ఒక్క మాట మార్చనివ్వనని, డ్రమ్స్ తగ్గించనివ్వనని గట్టిగా పోట్లాడినవాడే. అవి నిలబెట్టుకోడానికి స్నేహితుడి గొంతు వదిలేశాడు.

యజమాని వెక్కిరింపులో అబద్ధం లేదు. బంగార్రాజు గిలకలదిండి హార్బరులో చేపల వేలం వేసేవాడు. బోటు ఇంజన్ల రొదకి పైన వినపడాలని అరిచి అరిచి గొంతు గరుకెక్కింది. ఆ గరుకు విని ముచ్చటపడే చంద్రశేఖర్ అతన్ని బ్యాండులోకి లాక్కెళ్లాడు.

క్యాసెట్ చేతికొచ్చిన రోజే సుందరరాజు మావయ్య కొత్త బోటుని నీళ్లలోకి దించుతున్నాడు. కొబ్బరికాయ కొట్టగానే బంగార్రాజు, తనూ ఇంకా వినని ఆ క్యాసెట్‌ని స్వయంగా మైకుసెట్టులో పెట్టించాడు. పేటంతా చెవులు రిక్కించింది.

"ఏంట్రా, పంచదార పాకం తాగి పాడావా?" అన్నాడు మావయ్య.

"టేపులోకెక్కితే గొంతు నున్నబడుద్దంట అన్నయ్యా," అంది తల్లి వీరలక్ష్మి. "నా కొడుకు గొంతు నేను పోల్చుకోలేనా?"

అందరూ అతని వైపు చూశారు.

"అవునమ్మా, నేనే," అన్నాడు బంగార్రాజు.

ఆ మాట అతని మెడకి చుట్టుకుంది. గుడివాడలో, అవనిగడ్డలో స్టేజీ ఎక్కితే జనం, "క్యాసెట్లో పాడినట్టు పాడవయ్యా!" అని కేకలు. తలుపు గడియ పెట్టుకుని, ఎవడో ముక్కూ మొహం తెలియనివాడి తియ్యదనాన్ని సాధన చేశాడు. రాలేదు. ఈలల మధ్య స్టేజీ దిగాడు. బ్యాండు చెదిరిపోయింది. హార్బరులో కూడా గొంతెత్తడానికి సిగ్గు పట్టుకుంది. "పెళ్లిచూపుల్లో కూర్చున్నావా? గట్టిగా అరవరా!" అని బోటువాళ్లు తిట్టేవాళ్లు.

మళ్లీ చంద్రశేఖర్ కనబడింది 2006లో, వేలం దగ్గరే.

"ఈసారి సీడీ బావా. అంతా నా చేతుల్లోనే. ఎవడూ వేలు పెట్టడు. నాకు నీ అసలు గొంతే కావాలి," అన్నాడు. మొహం చూడలేక ఐసు వైపు చూస్తూ, "అప్పుడు నేను చేసింది తప్పే," అని కూడా అన్నాడు.

ఆ మాట కోసం బంగార్రాజు ఎనిమిదేళ్లు ఎదురుచూశాడు. తీరా విన్నాక తల తిప్పి తల్లి వైపు చూశాడు. నాలుగడుగుల దూరంలో వీరలక్ష్మి రొయ్యల గంప ముందు కూర్చుని, బేరానికొచ్చినావిడతో, "మా పెద్దాడు క్యాసెట్లో పాడాడు, ఏమనుకున్నావ్!" అంటోంది.

బంగార్రాజు గొంతు తగ్గించాడు.

"నేను పాడితే, అప్పుడు పాడింది నేను కాదని అమ్మకి తెలిసిపోద్ది శేఖరూ. నువ్వెళ్లిపో."