శుక్రవారం నాలుగింటికి రాకాసి పీత

రాకాసి పీత సముద్రంలోంచి లేచింది. ఊరి మీద పడింది. అట్టపెట్టెలతో కట్టిన మేడల్ని వరసగా తన్నుకుంటూ పోయింది. ఆ తర్వాత లైట్‌హౌస్ మెట్లు దిగుతూ మా వైపు వీపు తిప్పేసరికి, మెడ నుంచి నడుము దాకా జిప్పు కనిపించింది. అది సగం ఊడిపోయి ఉంది. లోపలి మనిషి వేసుకున్న చారల చొక్కా కూడా బయటపడింది. గదిలో ఉన్న అందరం ఒక్క గొంతుతో "డిఫెక్ట్!" అని అరిచాం. నాకైతే నవ్వీ నవ్వీ డొక్కలు నొప్పి పుట్టాయి.

ఆ గది సినిమా హాలు కాదు. గచ్చిబౌలిలో మా ఆఫీసులో, ఫ్లోరు చివర ఉండే చిన్న మీటింగు గది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. తప్పు దొరికితే ఊరికే బాగాలేదు అంటే కుదరదు. ఏం జరగాలి, దానికి బదులు ఏం జరిగింది, అది ఎంత ప్రమాదం, ఇవన్నీ రాసి డిఫెక్ట్‌గా ఎక్కించాలి. ఈ పనిలో ఎవరి మెప్పూ దొరకదు. ప్రోగ్రాము రాసినవాళ్ళు మమ్మల్ని చూడగానే ముఖం మాడ్చుకుంటారు. "మళ్ల ఏం తెచ్చినవ్?" అంటారు. సున్నాతో భాగిస్తే స్క్రీను తెల్లగా అయిపోతోందని చెప్పినందుకు నాతో వారం రోజులు మాట్లాడని మహానుభావుడు కూడా ఉన్నాడు.

అందుకే మాకు శుక్రవారాలు కావాల్సి వచ్చాయి. వారం పని అప్పగించేశాక, నాలుగింటికి మా టీము ఆ గదిలో చేరేది. గోడమీది తెర మీద ఏదో ఒక చవక రాకాసి సినిమా పెట్టుకునేవాళ్ళం. తెలుగులోకి డబ్బింగైనవే చూడాలని నా పట్టుదల. అందులో శాస్త్రవేత్తకూ, పోలీసు అధికారికీ, ఒక్కోసారి రాకాసికీ కూడా ఒకే మనిషి గొంతు ఉంటుంది. తెల్ల కోటు వేసుకున్న పెద్దమనిషి స్టీలు గిన్నెలోకి తొంగి చూసి, "ప్రొఫెసర్! దీని ఆకలికి ఈ భూమండలం చాలదు!" అని గుండెలు బాదుకుంటాడు. గిన్నెలో పొగ తప్ప ఏమీ ఉండదు. అయినా ఆయన కళ్ళలో నీళ్ళు మాత్రం నిజంగానే ఉంటాయి.

మా ఆటకు ఒక పద్ధతి ఉండేది. తెర మీద తప్పు కనబడితే ముందు అరిచినవాళ్ళు దాన్ని మా ఉద్యోగ భాషలోనే చెప్పాలి. కూలిన మేడే మళ్ళీ కూలితే, "ఇది పాత డిఫెక్టే, మళ్ల తిరిగొచ్చింది" అనాలి. ఏం అరిచినా ఫరవాలేదు గానీ, ఈ సినిమా ఎందుకు తీశార్రా అని మాత్రం ఎవరూ అనకూడదు. అన్నవాళ్ళు బయటికి పోయి అందరికీ చాయ్ తేవాలి. వారమంతా తప్పు చూపిస్తే తిట్లు తినే మేము, ఆ ఒక్క గంట తప్పు చూపించి నవ్వించేవాళ్ళం. ఇంత హాయి నాకు ఏ గొప్ప సినిమాలోనూ దొరకలేదు.

కోట్లు పోసి తీసిన రాకాసుల్ని నేనూ చూశాను. వాటి ఒంటి మీద ఒక్కో పొలుసూ తడిగా మెరుస్తుంది. బాగుంటాయి, కాదనను. కానీ అక్కడ నాకు పనేమీ ఉండదు. నోరు తెరుచుకుని కూర్చోవాలి, అంతే. ఈ చవక సినిమా అలా కాదు. తన అతుకులన్నీ నా ముందు పరిచి, రా, వచ్చి కూర్చో అంటుంది. జిప్పు కనిపిస్తోందని దాన్ని తీసినవాళ్ళకు తెలియదా? తెలుసు. మళ్ళీ తీసే స్తోమత లేదు, అయినా విడుదల చేశారు. మా దగ్గర ఒక బటను నీలంగా ఉండాలా, ఇంకాస్త ముదురు నీలంగా ఉండాలా అని మీటింగు మీద మీటింగు పెట్టి విడుదలే వాయిదా వేస్తారు. ఎవరి ధైర్యం గొప్పదో మీరే చెప్పండి.

ఇంతకీ ఆ పీత దగ్గరే మా కొంప మునిగింది. మా టీములో నాకంటే చిన్నవాడొకడు ఉన్నాడు, నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. మా సినిమా డిఫెక్టుల్ని సరదాకి కంప్యూటర్లో కూడా ఎక్కించేవాడు. కొత్తవాళ్ళు నేర్చుకోవడానికి ఒక ఉత్తుత్తి ప్రాజెక్టు ఉంటుంది, అందులో పెట్టేవాడు. ఆ శుక్రవారం మాత్రం, పొద్దున్నించీ తెరిచి ఉన్న అసలు క్లయింటు ప్రాజెక్టులో పెట్టేశాడు. ఆ క్లయింటు సముద్రాల అవతల ఉన్న బీమా కంపెనీ. సోమవారం వాళ్ళ తెర మీద మా డిఫెక్టు తీవ్రమైన వాటిలో మొట్టమొదట ఉంది. "మెట్లు దిగినప్పుడు వెనక భాగం తెరుచుకుంటోంది. రావాల్సింది: పీత. వచ్చింది: మనిషి." పాపం, బీమా దరఖాస్తులో పీత ఏ పేజీలో వస్తుందా అని వాళ్ళు పూటంతా వెతికారట.

వాడు నాలుక కరుచుకున్నాడు. వెంటనే దాన్ని తీసేసి, క్షమించమని క్లయింటుకు రాశాం. అక్కడితో అయిపోవాల్సింది. కానీ మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచారు. ఆయనది కాకినాడ వైపు, కోపం వచ్చినా 'అండి' అనడం విడవని మనిషి.

"రేపటి కాల్‌లో దీని గురించి అడుగుతారండి. ట్రైనింగ్ అని చెప్పేయండి. తప్పులు పట్టడం నేర్పడానికి సినిమా వాడుతున్నామనండి. వాళ్ళు మెచ్చుకుంటారు కూడా. మీ శుక్రవారం మీకుంటుంది."

"అట్ల అనకపోతే సర్?"

"సరదాకి చూస్తున్నామని చెప్పాక ఆ గది ఎలా ఇవ్వనండి మీకు? నన్నూ అడిగేవాళ్ళుంటారు కదా."

ఆయన చెడ్డవాడు కాదు. మమ్మల్ని కాపాడుతున్నాననే అనుకున్నారు. ట్రైనింగ్ అంటే గది ఉంటుంది, అనకపోతే పోతుంది. బయటికి రాగానే తమ్ముడు నా వెంటపడ్డాడు.

"అక్కా, ట్రైనింగే అని చెప్పరాదు. ఒక్క మాటకు ఏం పోతది?"

ఆ ఒక్క మాటకు ఏం పోతుందో నాకు బాగా తెలుసు. నేను మియాపూర్‌లో పెరిగాను. తొమ్మిదో తరగతిలో ఉండగా మా పక్కింటికి వీడియో వచ్చింది. వాళ్ళ పెద్దబ్బాయి ఇంగ్లీషు రాకాసి సినిమాలు తెచ్చేవాడు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, కానీ రబ్బరు బల్లి రైలుని నమిలితే అర్థం కావడానికేముంది? మా నాయిన సర్కారు ఆఫీసులో గుమాస్తా. "దాంతోని ఏమొస్తది?" అని అడిగారు. "ఇంగ్లీషొస్తది నాయినా" అన్నాను. ఆయన ఎంతో సంతోషపడ్డారు. ఆ మరుసటి వారం నుంచి, సినిమా చూసి రాగానే కొత్త మాటలేం నేర్చుకున్నవో అప్పచెప్పమనేవారు. బల్లి రైలు మీదికి దూకుతుంటే, నేను అప్పుడే విన్న మాటకు స్పెల్లింగు ఏమై ఉంటుందా అని తంటాలు పడేదాన్ని. నాలుగు వారాలయ్యాక, తలనొప్పని చెప్పి పక్కింటికి వెళ్ళడమే మానేశాను. బల్లి నుంచి తప్పించుకోవడానికి తలనొప్పి తెచ్చుకున్న పిల్లని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఈ ఐటీ వీధుల్లో ఏదీ ఉత్తినే ఉండదు. యోగా చేస్తే పని చురుగ్గా సాగుతుందని చేయిస్తారు. రంగులు వేయిస్తే ఒత్తిడి తగ్గుతుందట. పుట్టినరోజు కేకు కోసినా టీము కలిసిమెలిసి ఉండటానికే. మా అపార్టుమెంట్లో పిల్లలు చదరంగం ఆడేది కూడా బుర్ర పెరగడానికే గానీ, గుర్రంతో మంత్రిని కొట్టేయడంలో ఉన్న మజా కోసం కాదు. ట్రైనింగ్ అని నా నోటితో అంటే, వచ్చే శుక్రవారం హాజరు తీసుకుంటారు. ఆపై శుక్రవారం ఈ సినిమా వల్ల ఏం నేర్చుకున్నారని అడుగుతారు. పీత బతికే ఉంటుంది, దాన్ని చూసే మేము ఉండం. ఆ ఆలోచనకే నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు కాల్ మొదలైంది. అవతల క్లయింటు తరఫున మాట్లాడే ఆవిడ, ఇవతల మేనేజరు, నేను, తమ్ముడు. ఆవిడ పీత సంగతి అడిగింది. మేనేజరు నా వైపు చూసి, చెప్పండి అన్నట్టు చెయ్యి ఊపారు. ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్ళలో క్లయింటుతో ఉపయోగం లేని మాట ఒక్కటీ మాట్లాడలేదు నేను.

"అది మీ ప్రాజెక్టులో పడటం మా తప్పు. మళ్ళీ పడదు. ఆ సినిమా మాత్రం మేము పని అయ్యాక సరదాకి చూసుకునేది. వేరే ఏం లేదు" అని ఇంగ్లీషులో చెప్పాను.

ఆవిడ, సరే, తర్వాతి విషయం చూద్దాం అంది. అంతే! మేమింత హైరానా పడిన సంగతి ఆవిడకి దోమ కుట్టినంత కూడా కాలేదు. కాల్ అయ్యాక మేనేజరు మాత్రం ముఖం ఎత్తకుండా, "గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నానండి" అన్నారు. నేను సరేనన్నాను. ఆ ఏడాది నా పనితీరు గురించి రాసేటప్పుడు, ఇంకొంచెం గంభీరంగా ఉండాలి అని ఒక ముక్క చేర్చారు. అది చదివి నేను నవ్వుకున్న నవ్వు మాత్రం గంభీరమైనది కాదు.

కాల్ అయిన వారమే, శుక్రవారం నాలుగింటికి మా గదిలో దీర్ఘశ్వాసల తరగతి పెట్టారు, ఏకాగ్రత కోసమట. మేము పని అప్పగించేసి లేచాం. దొంగచాటుగా ఒక్కొక్కరుగా కాదు, అందరం కలిసి, బ్యాగులు తగిలించుకుని, ఫ్లోరు మధ్యలోంచి నడిచి బయటికొచ్చాం. హైటెక్ సిటీ స్టేషన్లో లోకల్ రైలెక్కి హఫీజ్‌పేట్‌లో దిగాం. మా ఇల్లు అక్కడే. మా ఆయన ఇంటి నుంచే పని చేస్తాడు. తలుపు తీసి, నా వెనక మా టీమంతా బ్యాగులతో నిలబడి ఉండటం చూసి తెల్లబోయాడు.

"ఏమైంది? అందర్నీ తీసేశారా?" అన్నాడు గొంతు తగ్గించి.

"లేదు. సినిమా చూద్దమని వచ్చినం."

"పని రోజు పట్టపగలా?"

"ఔ, పట్టపగలే."

అతను వంటింట్లోకి వెళ్ళి చాయ్‌కి నీళ్ళు పెట్టాడు. ఆ వేళ మా సినిమాలో ఊళ్ళు మింగే జెర్రి ఉంది. జెర్రి అంటే ఒక పొడవాటి తివాచీ, దాని కింద మనుషులు వంగి నడుస్తుంటే, అంచుల కింద నుంచి రకరకాల చెప్పులు కనిపిస్తున్నాయి. తమ్ముడు సోఫా మీదెక్కి అరుస్తున్నాడు. సరిగ్గా సైన్యం జెర్రి మీదికి వెళ్ళే సమయానికి మేనేజరు ఫోను చేశారు.

"ఎక్కడున్నారండి? టీమంతా కనబడలేదు. పనైపోయిందని చూశాన్లెండి. ఊరికే అడుగుతున్నాను, ఏదైనా అర్జెంటా?"

ఇలాంటప్పుడు ఏం చెప్పాలో ఈ వీధుల్లో పనిచేసే ఎవరికైనా తెలుసు. దవాఖాన అనొచ్చు, బ్యాంకు అనొచ్చు, పిల్లల బడి అనొచ్చు. సోఫా మీంచి తమ్ముడు నా వైపే చూస్తున్నాడు. ఎవరో సినిమా గొంతు తగ్గించారు.

"అర్జెంటేం లేదు సర్. మా ఇంట్ల సినిమా చూస్తున్నం."

"ఏదైనా... పనికొచ్చేదా అండి?"

"లేదు సర్. ఎందుకూ పనికిరాదు. మస్తు మజాగున్నది."

ఆయన సోమవారం మాట్లాడదామండి అన్నారు. "మాట్లాడుదం సర్, గిప్పుడైతే జెర్రి చస్తున్నది" అని పెట్టేశాను. ఇంత వయసొచ్చాక మొదటిసారి, నా సరదాకు నేను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు.